రెండు దేశాల రొట్టెల కొట్టు

పిల్లలూ, ఫ్రాన్సు దేశపు తూర్పు అంచున, రైన్ నది ఒడ్డున ఆల్సాస్ అనే సీమ ఉన్నది. నది దాటితే జర్మనీ.

అక్కడ 1870 మొదట్లో పుట్టిన పిల్లవాణ్ణి ఒకణ్ణి ఊహించుకోండి. పుట్టినప్పుడు వాడు ఫ్రెంచివాడు. ఫ్రాన్సు యుద్ధంలో ఓడిపోగా 1871లో ఆల్సాస్ జర్మనీ పాలయింది, వాడు జర్మనువాడయాడు. 1918లో మొదటి ప్రపంచయుద్ధం ముగియగానే మళ్ళీ ఫ్రెంచివాడు. 1940లో నాజీలు వచ్చి, ఎవరూ ఫ్రెంచి మాట్లాడగూడదన్నారు. 1945లో, డెబ్బైఅయిదేళ్ళ ముసలివాడై, తిరిగి ఫ్రెంచివాడు! ఇంత జరిగినా అతను ఇల్లు కదలనే లేదు.

ఏ ప్రభుత్వం వచ్చినా రొట్టెలవాడు తెల్లవారేసరికి రొట్టెలు కాల్చాలి గదా. అతని కొట్టులో ఫ్రెంచివారి సన్నని పొడుగు రొట్టెల పక్కనే జర్మనుల ముతక రై పిండి రొట్టెలు ఉంటాయి. అదుగో, చేతులు కట్టుకున్న పిల్లవాడిలా ఉన్నదే, అది బ్రెట్‌జెల్. కాల్చే ముందు దాన్ని క్షారం కలిపిన నీళ్ళలో ముంచుతారు. ఆ నీళ్ళు చేతికి తగిలితే చర్మం పొక్కుతుంది! అయినా కాలేసరికి ఆ ఘాటు పోయి, నిగనిగలాడే ఎర్రటి రంగు మిగులుతుంది.

జర్మనులు గూగెల్‌హుప్ఫ్ అనేది ఫ్రెంచివారి నోట కూగ్లోఫ్ అయింది. మైదాలో వెన్న, గుడ్లు, పాలు, కిస్మిస్ కలిపి, ఈస్టు వేసి పొంగనిస్తారు. కంటికి కనిపించని జీవులు వదిలే వాయువుతో మన ఇడ్లీ పిండి పొంగదూ? ఇదీ అంతే. దీన్ని కాల్చే మట్టి అచ్చులను సుఫ్లెన్‌హైమ్ అనే ఊరి కుమ్మరులు చేస్తారు. అచ్చు నడుమ ఒక గొట్టం ఉంటుంది. ఎందుకంటారా? మీ అమ్మ గారెకు చిల్లి ఎందుకు పెడుతుందో, అందుకే! లేకపోతే నడుమ పచ్చిగా ఉండిపోతుంది. అచ్చు అడుగున ముందే బాదంపప్పులు పేరుస్తారు. బోర్లించి తీసేసరికి అవి కిరీటంలా పైకి వస్తాయి.

నాకు అన్నిటికంటే నచ్చినది మాత్రం ఫ్లామెకూష్. పూర్వం పల్లెల్లో రొట్టెలు రోజూ కాల్చేవారు కారు. కాల్చే రోజున కట్టెలతో బట్టీ రాజేసేవారు. రొట్టె పెట్టడానికి వేడి తగినంత ఉన్నదో లేదో తెలిసేదెలా? రొట్టె పిండినే కొంచెం తీసి, అప్పడంలా వత్తి, మీద మీగడ పూసి, ఉల్లిపాయలూ పంది మాంసపు ముక్కలూ చల్లి లోపలికి తోసేవారు. ఇట్టే మాడితే బట్టీ ఇంకా చల్లారాలన్నమాట. అమ్మ అట్లు పోసే ముందు పెనం మీద నీళ్ళు చిలకరించి చూస్తుందే, అలాంటిదే ఇదీ. కాకపోతే ఈ పరీక్షను ఇంటిల్లిపాదీ పంచుకు తినవచ్చు!

దీనికి ఫ్రెంచిలో తార్త్ ఫ్లాంబే అని పేరు. రెండు పేర్లలోనూ ఉన్నది మంటే. ఇప్పుడు స్ట్రాస్‌బర్గ్ పట్నంలో హోటలువాళ్ళు దీన్ని చెక్క పలక మీద పెట్టి తెచ్చి ఇస్తారు. కత్తీ ఫోర్కూ అవతల పెట్టి, ముక్క మడిచి చేత్తో తినడమే అక్కడి మర్యాద.