ఇరుకున విచ్చుకొను వెలుగు

కిటికీ రెక్కల నడిమి సందును ఎంత సన్నము చేసినచో గోడమీది వెలుగుగీటు అంత సన్నమగుననియు, వెలుతురు సూటిగా పోవునని పాఠపుస్తకమే చెప్పినందున ఇందు వాదమునకు తావు లేదనియు చదువుకొన్నవారు సైతము నాతో పలుమార్లు అనియున్నారు. అది కొంతమేరకే నిజము. ఆ మేర దాటిన పిమ్మట సందును నొక్కినకొద్దీ వెలుగు ప్రక్కలకు విచ్చుకొనును. దీనినే వివర్తనమందురు.

నమ్మనివారు బోగోలు మండలములోని జువ్వలదిన్నె చేపలరేవునకు పోయి రాతికట్టమీద నిలిచి చూడవలెను. వెలుపల బారులుతీరి వచ్చు అలలు రేవు మొగ దాటినంతనే విసనకఱ్ఱవలె విచ్చుకొని, కట్ట చాటున కట్టిన పడవలను సైతము మెల్లగా ఊపును. రాతి అంచు అలను పట్టి లాగుటచే అది వంగినదనుట పొరపాటు. మొగలోని ప్రతి నీటిబిందువును లేచిపడుచు తనచుట్టు గుండ్రని చిన్న అలను పుట్టించును. మొగ వెడల్పైనచో ప్రక్కలకు పోవు చిన్న అలలలో ఒకదాని శిఖరము మఱియొకదాని పల్లమున పడి రెండును చెఱగిపోవును. ఇరుకైనచో చెఱుపుటకు జోడు చాలదు.

వెలుగునకును ఇదే న్యాయము. సందును మనసులో రెండు సగములుగా విభజింపుడు. ఏ దిక్కున మొదటి సగములోని ప్రతి బిందువునకును రెండవ సగములోని జోడు సరిగా అర అలపొడవు వెనుకబడునో, ఆ దిక్కున వెలుగుపై వెలుగు పడి చీకటి పుట్టును. సందు ఇరుకైనచో అంత వెనుకబాటు కలుగుటకు మఱింత వాలుగా పోవలసియుండును. కనుకనే నడిమి పట్టె వెడల్పగును. ఎఱ్ఱని లేజరు కాంతి అలపొడవు సుమారు 0.00065 మిల్లీమీటరు, 0.1 మిల్లీమీటరు సందు గుండా అది 3 మీటర్ల దూరపు గోడపై దాదాపు 4 సెంటీమీటర్ల పట్టెగా పరచుకొనును. సందును సగము చేసినచో 8 సెంటీమీటర్లగును.

విశాఖపట్టణమున బాల్యము గడపి, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివిన చంద్రశేఖర వేంకట రామన్, దీర్ఘచతురస్రాకారపు రంధ్రముపై కాంతి వాలుగా పడినప్పుడు ఈ వివర్తనపు పట్టెలు రెండువైపుల సమముగా లేకుండుట గమనించి, 1906లో తన మొదటి పరిశోధనవ్యాసమును ప్రకటించెను. అప్పటికాయన వయస్సు 18 ఏండ్లు.

సముద్రపుగాలికి మంచుపట్టిన అద్దముగుండా దీపము చుట్టు రంగులవలయము కానవచ్చినచో మహిమయని చేతులు జోడించువారున్నారు. సన్నని నీటిబిందువులు చేసిన వివర్తనమే అది. నేటిరాత్రి రెండు వ్రేళ్ళను నిలువుగా, దగ్గరగా చేర్చి, కంటికి ఆనించి, నడిమి సందులోనుండి దూరపు దీపమును చూడుడు. అందు నిలువున కానవచ్చు సన్నని నల్లగీతలు వ్రేళ్ళ నీడలు కావు. వెలుగు వెలుగును చెఱిపిన తావులు.