సేంద్రియ సౌరఘటాలలో ఆవేశాల పునస్సంయోగం

సిద్దిపేట గొల్లభామ చీరను ఎరుగనివారు మన ప్రాంతంలో తక్కువ. నెత్తిన కుండతో నిలిచిన ఆ భామ బొమ్మకు వన్నె తెచ్చేది నూలుకు పట్టించిన రంగు. రంగు అంటే ఎండలోని కొన్ని కిరణాలను పీల్చుకొని, తక్కినవాటిని మన కంటికి వదిలే పదార్థమే గదా! చీరను ఎండలో ఆరవేసినంతసేపూ ఆ రంగు అణువులు కాంతిశక్తిని గ్రహిస్తూనే ఉంటవి. ఐనా చీరలో విద్యుత్తు పుట్టదు. గ్రహించిన శక్తి రెప్పపాటుకంటె ఎన్నో రెట్లు త్వరగా వేడిగా మారిపోతుంది. సేంద్రియ సౌరఘటాన్ని నిర్మించేవారి చిక్కు అంతా ఈ చీరలోనే ఉన్నది.

సేంద్రియ సౌరఘటమంటే కర్బన సమ్మేళనాలతో చేసిన పలుచని పొర. దానిలో ఒక అణువు కాంతిని పీల్చినప్పుడు ఒక ఎలక్ట్రాను పై స్థాయికి ఎగురుతుంది. అది వదలిన చోట ధనావేశం గల ఖాళీ మిగులుతుంది. దీనిని రంధ్రమంటారు. సిలికానులో ఈ రెండూ సులభంగా విడిపోతవి. విద్యుదాకర్షణను అణచగల గుణం సిలికానుకు సుమారు 12 ఉంటే, సేంద్రియ పదార్థాలకు 3, 4 మాత్రమే. అందువల్ల ఇక్కడ ఎలక్ట్రాను, రంధ్రము ఒకదానినొకటి గట్టిగా పట్టుకొని జంటగా తిరుగుతవి. ఈ జంట పేరు ఎక్సైటాను. అది సాధారణంగా పది నానోమీటర్లు పోయేసరికే ఆయువు తీరి, చీరలోని రంగు వలెనే శక్తిని పోగొట్టుకొంటుంది.

ఈ జంటను విడదీసే ఉపాయాన్ని 1986లో కొడాక్ సంస్థలో పనిచేసిన చింగ్ టాంగ్ చూపాడు. ఎలక్ట్రానును ఇచ్చే పదార్థాన్నీ, పుచ్చుకొనే పదార్థాన్నీ రెండు పొరలుగా చేర్చి సుమారు 1 శాతం సామర్థ్యం సాధించాడు. 1990 తరువాత ఆ రెంటినీ పొరలుగా కాక, కలగలిపి పూయడం అలవాటైంది. ఎక్సైటాను ఎక్కడ పుట్టినా సరిహద్దు దగ్గరలోనే ఉంటుంది. ఐతే ఈ సదుపాయమే మరొక నష్టానికి దారి తీసింది. సరిహద్దులు పెరిగినకొద్దీ, విడిపోయిన ఆవేశాలు మళ్ళీ ఎదురుపడే తావులు కూడా పెరిగినవి!

కొమురవెల్లి మల్లన్న జాతరలో చేయి జారిన ఇద్దరు నాలుగడుగులు పోకముందే మళ్ళీ కలుసుకోవచ్చు. జాతరలో అది సంతోషం, ఘటంలో నష్టం. అట్లా కాక, వేరువేరు జంటలనుండి వచ్చిన ఎలక్ట్రాను, రంధ్రము దారిలో తటస్థపడి కలిసిపోవచ్చు. మొదటిది ఎండ తీవ్రతతో మారదు. రెండవది మారుతుంది: రెండు ఆవేశాల సాంద్రతా రెండింతలైతే కలయికలు నాలుగింతలౌతవి. ఇవి గాక, పొరలోని లోపాలు గోతులవలె ఒక ఆవేశాన్ని ఆపి ఉంచగా, రెండవది వచ్చి దానితో కలవడమూ ఉన్నది.

దీనికి దగ్గరి చుట్టం 1991లో ఓరీగన్, గ్రాట్జెల్ ప్రకటించిన రంజక సౌరఘటం. దీనిలో రంగు అణువు తన ఎలక్ట్రానును టైటానియం డయాక్సైడుకు అందిస్తుంది. ఆ ఎలక్ట్రాను వెనుదిరిగి ద్రవంలోని అయొడీనును చేరితే శ్రమ వృథా. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో లింగమల్లు గిరిబాబు ప్రభృతులు పోర్ఫిరిన్, థాలోసయనిన్ రంజకాలను ఇట్టి ఘటాలకోసం తయారుచేశారు. రంగు అణువులకు పొడుగాటి తోకలు తగిలించి, అయొడీను దగ్గరకు రాకుండా కంచె కట్టడం ఈ రంగంలో వాడే ఒక ఉపాయం.

పునస్సంయోగం కరెంటునే గాక వోల్టేజిని కూడా తింటుంది. తిరిగి కలిసే జంటలన్నీ కాంతినే వెలువరిస్తే నష్టం కనిష్ఠం. మంచి సౌరఘటం మంచి దీపం కూడా కావలెనన్నమాట. వినడానికి వింతే, కాని నిజం. వెలుగునిచ్చే కలయికలు పదోవంతుకు తగ్గినప్పుడల్లా సుమారు 0.06 వోల్టు పోతుంది. పదివేలలో ఒక్కటే వెలిగితే 0.24 వోల్టు పోయినట్లే. ఒక వోల్టుకు అటూఇటూ ఇచ్చే ఘటానికి ఇది చిన్న లోటు కాదు.

2019లో చైనాలో రూపొందిన వై6 అనే అణువుతో సామర్థ్యం 15.7 శాతానికి చేరింది. తరువాత ప్రయోగశాలలలో 20 శాతం వరకు వచ్చింది. ఐనా పీఎం6, వై6 మిశ్రమాన్ని పరీక్షించిన కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు, వలయం తెరచి ఉంచినప్పుడు 90 శాతం కలయికలు త్రిక స్థితి అనే వెలగని మార్గాన పోతున్నవని 2021లో తెలిపారు. అందువల్ల తగ్గే వోల్టేజి సుమారు 0.06. రెండు అణువుల మధ్య పొందికను సవరించి ఆ దారిని మూయవచ్చునని కూడా వారే చూపారు.