ఈలలు వేశాం సరే... ఆ గొడుగు మడతపెట్టిందెవరు?

ఆ సీను మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. చుట్టూ మంచుకొండలు. పసుప్పచ్చ దుస్తుల్లో, వీపున ఎర్రసంచీతో జేమ్స్ బాండ్ స్కీల మీద జారుకుంటూ వస్తుంటాడు. వెనక తుపాకులతో శత్రువులు. ఎదురుగా కొండ అంచు! ఆగుతాడేమో అనుకుంటాం. ఆగడు. అలాగే గాలిలోకి వెళ్లిపోతాడు. సంగీతం కూడా ఆగిపోతుంది. పడుతున్నాడు... పడుతున్నాడు... ఇక అయిపోయాడు అనుకున్న క్షణాన బ్రిటిష్ జెండా రంగుల్లో పారాషూట్ భళ్లున విచ్చుకుంటుంది!

1977లో వచ్చిన ‘ది స్పై హూ లవ్‌డ్ మి’ సంగతి చెబుతున్నాను. మా బాబాయ్ కాలేజీ రోజుల్లో ఆ బొమ్మ హాల్లో చూశాడట. “గొడుగు విచ్చుకోగానే హాలంతా లేచి నిలబడిందిరా!” అని ఇప్పటికీ చెబుతాడు. నేను పుట్టింది ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు. నేను చూసింది కేబుల్ టీవీలో, బాబాయ్ పక్కన కూర్చుని. “రోజర్ మూర్‌కి ఎంత ధైర్యం బాబాయ్!” అన్నాను. “నీ మొహం! అది డూప్‌రా” అన్నాడాయన.

ఆ డూప్ పేరు రిక్ సిల్వెస్టర్. అమెరికావాడు. కొండలెక్కడం, మంచు మీద జారడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. 1972లోనే కాలిఫోర్నియాలోని ఎల్ కాపిటన్ అనే నిలువు రాతికొండ మీంచి స్కీలతో దూకి పారాషూట్‌తో దిగాడు. బాండ్ సినిమా కోసం 1976 జూలైలో కెనడా ఉత్తరాన బాఫిన్ ద్వీపంలోని ఆస్గార్డ్ శిఖరం మీంచి దూకాడు. వాతావరణం అనుకూలించక యూనిట్ రోజుల తరబడి పడిగాపులు కాసింది. తీరా ఆయన దూకాక, పెట్టిన కెమెరాల్లో ఆ దూకుడును సరిగ్గా పట్టింది ఒక్కటే!

ఈ మధ్య ఆ సీను మళ్లీ వేసుకుని చూశాను. ఈసారి చిన్నప్పుడు చూడనిది ఒకటి కనిపించింది. సిల్వెస్టర్ గాలిలో తన స్కీలు విదిలించుకుంటాడు. గొడుగు విచ్చుకుంటున్నప్పుడు అందులో ఒకటి పడుతూ వచ్చి గుడ్డ అంచుకు తగిలి, పక్కకు జారిపోతుంది. ఒక్క రెప్పపాటు. ఆ స్కీ తాళ్లలో చిక్కుకుని ఉంటే? గుడ్డ ముడుచుకుపోయి ఉంటే? బాండ్ సినిమా ఉండేదేమో గానీ సిల్వెస్టర్ ఉండేవాడు కాదు.

అతిశయోక్తి అనుకుంటున్నారా? అయితే షేన్ మెకాంకీ సంగతి వినండి. స్కీ సినిమాల్లో పెద్ద స్టార్. ఆ బాండ్ సీనంటే పడిచచ్చే మనిషి. 2009 మార్చి 26న ఇటలీలో డోలమైట్ పర్వతాల మీంచి స్కీలతో దూకాడు. ఒంటికి రెక్కల దుస్తులు, వీపున పారాషూట్. రెండు పల్టీలు కొట్టాడు. అంతా సవ్యంగానే ఉంది. కానీ విడిపోవలసిన సమయానికి స్కీలు విడిపోలేదు! వంగి వాటితో పెనుగులాడాడు. చివరికి వాటిని వదిలించుకున్నాడు. అప్పటికి గొడుగు తెరిచే ఎత్తు మిగల్లేదు. వయసు 39. ఆయన పారాషూట్‌లో ఏ లోపమూ లేదు. ఏ మెట్ట మీద బిగింపు విడిపోవాలో ఆ బిగింపు విడిపోలేదు, అంతే.

ఈ ఆటను ‘బేస్ జంపింగ్’ అంటారు. బిల్డింగ్, ఆంటెన్నా, స్పాన్ అంటే వంతెన, ఎర్త్ అంటే కొండ - ఈ నాలుగు మాటల మొదటి అక్షరాలు కలిపితే ‘బేస్’. విమానంలోంచి కాక, కదలకుండా నిలబడి ఉన్నవాటి మీంచి దూకడమన్నమాట. ఈ ఆటకు ఊపు తెచ్చిందీ, ఈ పేరు రావడానికి ముఖ్య కారకుడూ ఒక సినిమా కెమెరామన్ అంటే ఆశ్చర్యపోతారు! ఆయన పేరు కార్ల్ బోనిష్. 1969లో వచ్చిన ‘ది జిప్సీ మాత్స్’ చిత్రానికి తలమీద కెమెరా కట్టుకుని ఆకాశంలో పడుతూ షాట్లు తీసినవాడు. 1978లో ఎల్ కాపిటన్ మీంచి నలుగుర్ని దూకించి ఫిల్మ్ తీశాడు. ఆ ఫిల్మ్ చూసినవాళ్లకు వెర్రెత్తింది. మేమూ దూకుతామంటూ కుర్రకారు కొండలెక్కడం మొదలైంది.

1984 జూలైలో బోనిష్, ఆయన భార్య జీన్ నార్వేలోని ట్రోల్ గోడ అనే భయంకరమైన కొండ మీంచి టీవీ కెమెరాల ముందు దూకి ప్రపంచ రికార్డు నెలకొల్పారు. ఇద్దరూ క్షేమంగా దిగారు. రెండు రోజులకు బోనిష్ అక్కడే మరో కొమ్ము మీంచి మళ్లీ దూకాడు. ఈసారి ప్రాణాలతో దిగలేదు. 43 ఏళ్లు. కొద్ది రోజులకే జీన్ అదే కొండల మీంచి మళ్లీ దూకింది! వీళ్ల కథతో 2014లో ‘సన్‌షైన్ సూపర్‌మాన్’ అనే డాక్యుమెంటరీ వచ్చింది. ఆమె ఎంత నిబ్బరంగా మాట్లాడుతుందో చూస్తే మనకే ఒళ్లు జలదరిస్తుంది.

ఇంతకీ ఇందులో కిటుకేమిటి? విమానంలోంచి పది పన్నెండు వేల అడుగుల ఎత్తున దూకేవాడి వీపున రెండు గొడుగులుంటాయి. ఒకటి మొరాయిస్తే రెండోది. మనిషి స్పృహ తప్పినా, నిర్ణీత ఎత్తుకు రాగానే దానంతటదే రెండో గొడుగు తెరిచే చిన్న యంత్రం కూడా ఉంటుంది. బేస్ జంపర్‌కి ఒక్కటే గొడుగు. రెండోది పెట్టుకున్నా తెరవడానికి టైమేదీ? మొదటి సెకనులో 16 అడుగులు పడతాడు. మూడు సెకన్లలో 140 అడుగుల దాకా. ఆరు సెకన్లలో ఐదు వందల అడుగులు! అమెరికాలో వెస్ట్ వర్జీనియాలోని న్యూ రివర్ వంతెన 876 అడుగుల ఎత్తు. అక్కడ్నుంచి నీళ్లకు ఎనిమిది, తొమ్మిది సెకన్లు. ఈ వాక్యం మీరు చదివేలోపు కథ అయిపోతుంది.

గొడుగు దానంతటది విచ్చుకోదు. ముందు ‘పైలట్ చూట్’ అనే చిన్న గుడ్డను చేత్తో లాగి గాలిలోకి విసరాలి. అది గాలి పట్టి, పట్టీతో సంచీ తెరిచి, పెద్ద గొడుగును బయటికి లాగుతుంది. తక్కువ ఎత్తు నుంచి దూకేటప్పుడు ఇంకా వేగం అందుకోడు కాబట్టి పైలట్ చూట్ పెద్దదిగా ఉండాలి. ఎక్కువసేపు పడేచోట చిన్నది చాలు. గొడుగు ఒక్కసారిగా విచ్చుకుని నడుం విరగ్గొట్టకుండా తాళ్ల మధ్య ‘స్లైడర్’ అనే గుడ్డముక్క ఉంటుంది. తక్కువ ఎత్తుకైతే దాన్ని తీసేయాలి, లేకపోతే గొడుగు ఆలస్యంగా తెరుచుకుంటుంది. అన్నీ సక్రమంగా ఉన్నా, విచ్చుకున్న గొడుగు ముఖం ఎటు తిరుగుతుందన్నది మరో గండం. కొండకేసి తిరిగిందో, మనిషిని తిన్నగా తీసుకెళ్లి రాతిగోడకు కొడుతుంది. అందుకే మడతపెట్టేటప్పుడు ఎడమపక్క మడతలూ కుడిపక్క మడతలూ ఒక్కలాగే ఉండాలని ప్రాణం పెడతారు. జరీచీర మడతపెట్టే అమ్మమ్మ కూడా అంత ఓపిక పట్టదు!

ఇక్కడ ఓ చిన్న ముచ్చట. ఆ మధ్య ఓ షూటింగ్‌కి వెళ్లినప్పుడు మేడ మీంచి దూకే సీను తీస్తున్నారు. హీరోకి డూప్‌గా చేసే కుర్రాడు రోప్ కట్టించుకుంటున్నాడు. సైజు కుదర్లేదని ఫైట్ మాస్టర్ అసిస్టెంటు వేరే బెల్టు తెచ్చిచ్చాడు. కుర్రాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “అన్నా, దీని బకిల్ ఎడం పక్కనుంది. నాకు అలవాటు లేదు. నా బెల్టు వచ్చేదాకా ఆగుదాం” అన్నాడు. గంట లేటయింది. ప్రొడక్షన్ మేనేజరు చిర్రుబుర్రులాడాడు. నేనూ మనసులో విసుక్కున్నాను, అబద్ధమెందుకు? జాన్ డేవిస్ కథ చదివాక ఆ కుర్రాడికి మనసులోనే చెంపలేసుకున్నాను.

జాన్ డేవిస్ మగవాడు కాదు, ఆవిడ. అరవైకి దగ్గరపడ్డ స్టంట్ కళాకారిణి, ఆరితేరిన జంపర్. భర్త టామ్ శాండర్స్ ఆకాశంలో షాట్లు తీసే కెమెరామన్. 1991లో వచ్చిన ‘పాయింట్ బ్రేక్’లో గాలిలో తేలే దృశ్యాలున్నాయే, వాటికి పనిచేసినవాడు. ఎల్ కాపిటన్ ఉన్నది యోసెమిటీ జాతీయ వనంలో. 1980లో కొన్నాళ్లు అక్కడ పర్మిట్లిచ్చి దూకనిచ్చారు. ఆ ఏడాదే ఆపేశారు. ఆ తర్వాత దూకితే అరెస్టు, పారాషూట్ జప్తు. 1999 జూన్‌లో ఫ్రాంక్ గాంబలీ అనే జంపర్ అక్కడ దూకి చక్కగా దిగాడు. రేంజర్లు వెంటబడితే పారిపోతూ నదిలో దూకి మునిగిపోయాడు. కొండ చంపలేదు, ఏరు చంపింది! దాంతో జంపర్లు మండిపడ్డారు. మా ఆట ప్రమాదకరం కాదని నిరూపిస్తామంటూ అక్టోబర్ 22న అందరి ఎదుటా దూకడానికి సిద్ధమయ్యారు. ఐదుగురు. దిగగానే అరెస్టవుతామని ముందే ఒప్పుకున్నారు. కింద మైదానంలో విలేకరులు, రేంజర్లు, బంధుమిత్రులు.

పారాషూట్ ఎలాగూ జప్తవుతుంది. మంచిది పోగొట్టుకోవడమెందుకని డేవిస్ తనది తీసుకురాలేదు. వేరేది అరువు తెచ్చుకుంది. ఆమెకు అలవాటైన గొడుగులో పైలట్ చూట్ వీపు కింద ఉంటుంది. అరువు తెచ్చినదాంట్లో కాలి పట్టీ దగ్గర ఉంది. తేడా ఎంతంటే, జానెడు. ఖైదీలా నల్లచారల తెల్లదుస్తులు వేసుకుని నాలుగో మనిషిగా దూకింది. ముందు ముగ్గురూ క్షేమంగా దిగారు. కింద భర్త కెమెరా తిప్పుతున్నాడు. పది సెకన్లు... పదిహేను... గొడుగు రాలేదు. ఇరవై సెకన్లు దాకా పడి నేలను తాకింది. ఐదో మనిషి దూకలేదు.

ఏళ్ల తరబడి చెయ్యి ఎక్కడికి వెళ్లడం అలవాటైందో, ప్రాణం మీదికొచ్చినప్పుడు అక్కడికే వెళుతుంది. మెదడుకు తెలిసినా చేతికి తెలియాలి కదా! జప్తు రూలు పెట్టిన వనంవాళ్లదే పాపమని జంపర్లు, చట్టాన్ని ధిక్కరించినవాళ్లదేనని అటువాళ్లు వాదించుకున్నారు. నా మటుకు నాకు ఆ వాదన అక్కర్లేదనిపిస్తుంది. నేల మీద నిలబడి ఆ కొత్త గొడుగుకు చెయ్యి అలవాటయ్యేదాకా వందసార్లు లాగి చూసుకుని ఉంటే, లేదా విమానంలోంచి నాలుగుసార్లు దూకి చూసి ఉంటే ఆవిడ అరెస్టయి, ఫైను కట్టి ఇంటికి వెళ్లేది.

సొంత గొడుగైనా, దాన్ని మార్చినప్పుడు అది కొత్త గొడుగే. రెక్కల దుస్తులను ప్రపంచానికి చూపించిన ఫ్రెంచివాడు పాట్రిక్ ద గయార్దాన్ 1998 ఏప్రిల్‌లో హవాయిలో విమానంలోంచి దూకి చనిపోయాడు. తన పారాషూట్ సంచీకి తనే చేసుకున్న కొత్త మార్పులో పొరపాటు! వేలసార్లు దూకినవాడు. 1966లో ఎల్ కాపిటన్ మీంచి మొట్టమొదట దూకిన ఇద్దరిలో ఒకడైన బ్రయాన్ షుబర్ట్ 2006లో, 66వ ఏట, న్యూ రివర్ వంతెన మీంచి ఉత్సవంలో దూకాడు. గొడుగు తెరుచుకోవడం ఆలస్యమైంది. 2012 లండన్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో జేమ్స్ బాండ్ వేషంలో హెలికాప్టర్ నుంచి దూకిన మార్క్ సట్టన్ మర్నాటి ఏడాది ఆగస్టులో స్విస్ కొండల్లో రెక్కల దుస్తులతో ఎగురుతూ రాతిగట్టుకు కొట్టుకుని పోయాడు. అక్కడ సామాను తప్పులేదు. కొండకు మరీ దగ్గరగా వెళ్లడమే.

ఇంతా చదివి ఇదంతా చావు ఆటే అనుకోకండి. నార్వేలోని షెరాగ్ కొండ మీద 1995 నుంచి 2005 దాకా 20,850 సార్లు దూకారు, 9 మంది చనిపోయారని అక్కడి డాక్టర్లు లెక్కగట్టారు. అంటే సుమారు 2,300 దూకుళ్లకు ఒకరు. తక్కువే అనిపిస్తుంది. కానీ వారానికోసారి దూకే మనిషికి అది తక్కువా?

2023లో ‘మిషన్ ఇంపాజిబుల్: డెడ్ రెకనింగ్’లో టామ్ క్రూజ్ డూప్ లేకుండా నార్వే కొండ మీంచి మోటార్‌సైకిల్‌తో సహా దూకాడు. దానికి ముందు ఐదు వందలకు పైగా విమానం దూకుళ్లు, పదమూడు వేల బైక్ దూకుళ్లు ప్రాక్టీసు చేశాడని ఆ చిత్రంవాళ్లే వీడియోలో చెప్పారు. మొదటి రోజే ఆరుసార్లు దూకాడట. ఆరుసార్లు దూకాలంటే ఆరుసార్లు ఎవరో కూర్చుని గొడుగు మడతపెట్టాలి కదండీ! ఆ మనిషి పేరేమిటో చూద్దామని సినిమా అయ్యాక సీట్లోనే ఉండిపోయాను. మా వరస మొత్తం లేచిపోయింది. బాబాయ్ “పదరా, ఆటోలు దొరకవు” అంటున్నాడు. స్టంట్ వాళ్ల పేర్లు పైకి పోతుండగా హాల్లో లైట్లు వేసేశారు. ఊడ్చేవాళ్లు చీపుళ్లతో వచ్చేశారు. ఆ వెలుతురులో తెర మీద అక్షరాలు కనిపించలేదు.