చేతికి లొంగిన విల్లు

విల్లు అను మాట చెవిని బడగానే తెలుగువారికి కోదండరాముడు స్ఫురించును, గాండీవధారి స్ఫురించును, బొటనవ్రేలు కోసియిచ్చిన ఏకలవ్యుడు స్ఫురించును. విల్లు ఎంత బరువైనదో, దానిని కదలింపలేక ఎందరు రాజులు తలలు వంచుకొని మరలిపోయిరో వర్ణించుట మన కథలలో పరిపాటి. అందుచేత మంచి విల్లనగా ఎవరికిని వంగని విల్లు అను భావము మనస్సులలో నాటుకొనిపోయినది. విలువిద్య నేర్వగోరువానికి మొట్టమొదట చెఱుపు చేయునది ఈ భావమే.

హైదరాబాదునకు పడమటనున్న మాదాపురమున 1998 నవంబరు 22వ తేదీన సైబర్ టవర్స్ భవనము ప్రారంభమయ్యెను. నాటినుండి హైటెక్ సిటీ, రాయదుర్గము, గచ్చిబౌలి ప్రాంతములలో బండరాళ్ల నడుమ అద్దాల మేడలు లేచినవి. వేలకొలది యువకులు, యువతులు ఉదయమునుండి ప్రొద్దుగ్రుంకువరకు కంప్యూటరు ముందు కూర్చుండి పనిచేయుదురు. మెడ ముందునకు వంగును, భుజములు ముడుచుకొనిపోవును. రాయదుర్గము, దుర్గం చెరువు అను పేర్లలో మాత్రము పాతకాలపు కోటమాట నిలిచియున్నది. గోలకొండ దుర్గము అచటికి కొలది మైళ్ల దూరముననే కలదు.

ఇట్టి చోట నొక యువోద్యోగి, కదలని యంత్రముతోడి కాలక్షేపమునకు విసిగి, సాయంవేళల విల్లు పట్టవలెనని సంకల్పించెననుకొనుడు. వానికి కప్పీలతో నడచు కాంపౌండు విల్లు అక్కరలేదు. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో మూడు స్వర్ణపతకములు గెలిచినది అట్టి విల్లుతోనే. ఆ విల్లు పూర్తిగా లాగిన పిమ్మట చేతిమీది భారము చాలవరకు తగ్గిపోవును. ఈ యువకుడు కోరినది పూర్వులు వాడిన నిడువిల్లు. ఒక వింటిబద్ద, ఒక నారి, అంతే. ఆంగ్లేయులు దీనినే లాంగ్‌బో అందురు. ఇందు భారమును తగ్గించు యంత్రమేమియు లేదు. లాగినకొలది బరువు పెరుగుచునే యుండును. ఆ పెరుగుట ఏ తీరుననున్నదో తెలిసికొనుటయే విల్లు ఎన్నుకొనుటలోని కీలకము.

విల్లుపై సాధారణముగా రెండు అంకెలు వ్రాసియుందురు. 28 అంగుళములు లాగునప్పుడు 40 పౌనులు అనునది యొక ఉదాహరణము. ఈ అంకెలు చివరి బిందువును మాత్రమే తెలుపును గాని, అచటికి చేరు త్రోవను తెలుపవు. ఒకే అంకెలుగల రెండు విండ్లను తీసికొందము. మొదటిది 24 అంగుళముల యొద్ద 32 పౌనులు తూగి, అటుపై అంగుళమునకు రెండేసి పౌనుల చొప్పున పెరిగి 40కి చేరినది. రెండవది 24 అంగుళముల యొద్ద 26 పౌనులే తూగినది. తరువాతి నాలుగంగుళములలో వరుసగా 2, 3, 4, 5 పౌనులు పెరిగి అదియు 40కే చేరినది. రెండవ విల్లు పట్టినవానికి, చేయి చెక్కిలిని సమీపించు వేళకు గోడను లాగుచున్నట్లు తోచును. గురి చూడవలసిన క్షణమున వాని సత్తువయంతయు ఆ తుదిబిగింపుతో పెనగులాడుటకే సరిపోవును. మొదటిదానిని సుఖముగా లాగబడు విల్లు అందురు.

సుఖముగా లాగబడుట బలహీనత కాదు. పాఠశాలలో భౌతికశాస్త్రము చదివినవారికి ఇది సులభముగనే బోధపడును. లాగిన దూరమును అడ్డముగను, బరువును నిలువుగను గ్రాఫు కాగితముపై గుర్తించినచో, గీత క్రిందనున్న వైశాల్యమే వింటిలో నిలువచేయబడిన శక్తి. నారి ఎక్కించిన వింటికి పిడినుండి నారి 6 అంగుళముల దూరమున నున్నచో, 28 అంగుళములకు లాగుటలో నారి కదలిన దూరము 22 అంగుళములు. బరువు సమముగా పెరిగి 40 పౌనులకు చేరినచో ఆ శక్తి ఇంచుమించు 50 జౌళ్లగును. మొదటి వింటి బరువు ముందుగనే పెరిగినది గనుక దాని గీత క్రింది వైశాల్యము హెచ్చు. రెండవదాని వైశాల్యము తక్కువ. కాబట్టి చేతిని బాధించు విల్లే బాణమునకు తక్కువ శక్తి నిచ్చుచున్నది. కష్టము హెచ్చు, ఫలము తక్కువ.

ఈ తుదిబిగింపునకు కారణమేమి? నారికిని వింటికొనకును నడుమనున్న కోణము. లాగుట ఆరంభించినప్పుడు ఆ కోణము చిన్నది. లాగినకొలది అది విప్పారి తొంబది భాగల దెసకు పోవును. అంతట నారి వింటికొనను వంచుటకు మారుగా దానిని నిడుపుననే లాగుచుండును, తులాదండపు లాభము నశించును. పొట్టి వింటిని పొడుగు చేతులవాడు లాగినపుడు ఈ దుస్థితి త్వరగా వచ్చును. విల్లు నిడుపైనచో ఆలసించి వచ్చును. వింటి నిడివి, లాగువాని చేతుల నిడివి పొందుపడవలెనని చెప్పుట ఇందువలననే.

ఈ సత్యము మన పూర్వులకు తెలియనిది కాదు. అగ్నిపురాణములోని ధనుర్వేదభాగమున కాల్బంటు విల్లు నాలుగు మూరలైనచో శ్రేష్ఠమనియు, మూడున్నర మూరలైనచో మధ్యమమనియు, మూడు మూరలైనచో కనిష్ఠమనియు నిర్ణయింపబడినది. మూరకు 18 అంగుళముల లెక్కన ఇవి 72, 63, 54 అంగుళములగును. నేడు 29 అంగుళములు లాగువానికి నిపుణులు సూచించు నిడువిల్లు 70 అంగుళములు, అంతకు కొంచెము పైబడి యుండును. శ్రేష్ఠమనబడిన పురాణపు కొలతకు ఇది ఎంత చేరువగ నున్నదో చూడుడు. నాలుగు మూరల పొడవునకు ధనుస్సు అనియే పేరుండుట మన ప్రాచీనుల కొలతల పట్టికలలో ప్రసిద్ధము. అలెగ్జాండరుతో వచ్చిన నియార్కసు చెప్పిన వృత్తాంతము ననుసరించి గ్రీకు చరిత్రకారుడగు అరియను, భారతీయ పదాతుల విల్లు దానిని ధరించువాని యంత పొడవుండెననియు, వారు దాని యొక కొనను నేలనాన్చి ఎడమకాలితో త్రొక్కిపట్టి లాగెడివారనియు వ్రాసెను. ఆకర్ణాంతము లాగుట అను మాటయు ఊరక పుట్టినది కాదు. చెక్కిలివఱకు లాగుటకంటె చెవివఱకు లాగుటకు దూరము హెచ్చు కావలెను. అంత దూరమునకు ఓర్చుకొను విల్లును కావలెను.

విల్లు దేనితో చేయవలెనన్న ప్రశ్నకు కౌటిల్యుని అర్థశాస్త్రము నాలుగు పదార్థములను చెప్పుచున్నది: తాడి, వెదురు, కొయ్య, కొమ్ము. నారికి జనుము, జిల్లేడు, స్నాయువు మొదలగువానిని పేర్కొన్నది. ఇందు వెదురు మన అడవులలో సమృద్ధిగా లభించునది. వెదురుబద్దలో గట్టి నారపోగులు పైతొక్క దెసను దట్టముగా నుండును. విల్లు వంగినపుడు గురివైపు ముఖము సాగును, విలుకానివైపు ముఖము నొక్కుకొనిపోవును. కాబట్టి సాగుడుకోర్చు పైతొక్కను గురివైపున నుంచి, లోపలి భాగమును మాత్రమే చెక్కుదురు. ఈ వివేకమును గ్రంథములు చదివి నేర్చుకొనినవారు కొందరు, తండ్రులను చూచి నేర్చుకొనినవారు కొందరు.

మాదాపురము విడిచి శ్రీశైలము త్రోవను పోయినచో నల్లమల అడవి వచ్చును. చెంచులకు అది పుట్టినిల్లు. ఆస్ట్రియా దేశీయుడగు ఫ్యూరర్ హైమెండార్ఫు 1940లో వారి నడుమ నివసించి, 1943లో వారిని గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. చెంచునకు విల్లు వినోదవస్తువు కాదు, అన్నము పెట్టిన పనిముట్టు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పిమ్మట వేట నిషిద్ధమైనది. అడవిమృగములకు అది రక్షయే. అయినను ఏ వెదురును ఎప్పుడు నరకవలెను, ఏ బద్దను ఎంత చెక్కవలెను అను చేతి తెలివికి పని తగ్గినచో అది తరువాతి తరమునకు అందుట కష్టము. నగరములో వేలు వెచ్చించి విదేశపు విల్లు కొనువారు ఇంత సమీపమున ఇట్టి విద్య యున్నదని ఎరుగుట మంచిది.

బరువైన వింటి వ్యామోహము దేహమునకు చేయు హానిని గూర్చి చరిత్ర ఒక సాక్ష్యము నుంచినది. ఇంగ్లండు రాజగు ఎనిమిదవ హెన్రీ యుద్ధనౌక మేరీ రోజు 1545లో మునిగి, 1982లో పైకి తీయబడెను. దానిలో 137 నిడువిండ్లు చెక్కుచెదరక దొరకినవి. వానిలో నూరు పౌనులకు మించి తూగునవే పెక్కులని పండితుల అంచనా. ఆ నౌకలో దొరకిన అస్థిపంజరములు కొన్నిటిలో భుజాగ్రపుటెముక అతుకుకొనక విడిపోయి యుండెను. చిన్ననాటినుండి బరువైన విండ్లు లాగుటయే ఇందులకు కారణము కావచ్చునని పరిశోధకులు భావించిరి. బాల్యమునుండి సాధన చేసినవారి గతియే అట్లుండగా, దినమంతయు కుర్చీలో ముడుచుకొనియున్న భుజముతో ఒక్కమారుగా 50 పౌనుల విల్లు పట్టబోవు వాని గతి వేరుగ చెప్పవలయునా?

కాబట్టి ఎన్నిక ఎట్లు జరుగవలెను? మొదట చేతులు రెండును బారచాచి, ఒక నడిమివ్రేలి కొననుండి రెండవ నడిమివ్రేలి కొనవఱకు కొలువవలెను. ఆ అంగుళములను రెండున్నరతో భాగించిన వచ్చునది ఉజ్జాయింపుగా వాని లాగుదూరము. బార 70 అంగుళములైనచో లాగుదూరము 28. అట్టివానికి 68 అంగుళముల విల్లు తగును. పిదప బరువు. వయోజనుడగు క్రొత్త శిష్యునకు 25 నుండి 30 పౌనులు చాలును. బాలురకు ఇంకను తక్కువ. విల్లును గురికి సూటిగా పట్టి, మెల్లగా లాగి, పది లెక్కించువఱకు చేయి వణకకుండ నిలుపగలిగినచో ఆ విల్లు తనది. లాగుటకై ఆకాశమునకు ఎత్తవలసివచ్చినచో, నడుము వంచవలసివచ్చినచో అది పరులది.

ఆ పిమ్మట స్ప్రింగుత్రాసు కొక్కెమును నారికి తగిలించి, అంగుళమంగుళమునకు బరువు వ్రాసికొనవలెను. చివరి నాలుగంగుళములలో పెంపు ఇంచుమించు సమముగ నున్నదా లేదా చూడవలెను. ఉపాధ్యాయుడు తోడుండి ప్రయోగశాలలో ఈ పని చేయించినచో, హుక్ సూత్రమునకు ఇంతకంటె రుచికరమైన పాఠము వేరుండదు. వంగిన విల్లును ప్రక్కనుండి చూచునపుడు పై సగము, క్రింది సగము ఒకే తీరున వంగుచుండవలెను. ఒకచోట మడత పడినట్లు కనబడినచో ఆ విల్లు ఎంత చౌకయైనను వలదు. బాణము లేకుండ నారిని విడువరాదు. విడిచినచో బాణమునకు పోవలసిన శక్తి వింటిమీదనే పడి దానిని చీల్చును. పని ముగియగనే నారి దింపవలెను. మే నెలలో మూసిన కారులో విల్లు నుంచరాదు.

మూడు వ్రేళ్లతో నారి పట్టువానికి మరియొక జాగ్రత్త కలదు. పొట్టి వింటి నారి పూర్తిగా లాగునప్పటికి వ్రేళ్లను నడుమ నిరికించి నొక్కును. ఆసియాఖండపు పొట్టివిండ్లను బొటనవ్రేలితో లాగు ఆచారము ఇందులకు తగినదే. భారతకథలో ఏకలవ్యుడు బొటనవ్రేలు పోయిన పిదప తక్కిన వ్రేళ్లతోనే బాణములు విడిచెననియు, పూర్వపు వేగము మాత్రము రాలేదనియు చెప్పబడినది. గురుదక్షిణగా పోయినది ఒక వ్రేలు మాత్రమే కాదు, ఒక పద్ధతి. అయినను అతడు విల్లు విడువలేదు. ఉన్న వ్రేళ్లకు తగినట్లు విద్యను మార్చుకొనెను. క్రొత్తగా విల్లు పట్టువారికి ఇంతకంటె హితమైన కథ లేదు.

శివధనుస్సు రాముని చేతిలో విరిగినదని సంతోషింతుము. అది అవతారపురుషుని మాట. సామాన్యుని చేతిలో విల్లు విరుగరాదు, వింటివలన భుజమును విరుగరాదు. మాదాపురపు యువకుడు అంగడిలో రెండు విండ్ల యెదుట నిలుచున్నాడు. ఒకటి 50 పౌనులది, మిత్రులు మెచ్చునది. రెండవది 28 పౌనులది, సన్ననిది, నిడుపైనది. రెండవదానిని ఎన్నుకొనినచో కొలదినాళ్లు నవ్వులపాలు కావచ్చును. కాని ఏడాది గడచునప్పటికి ముడుచుకొనిపోయిన భుజములు విచ్చుకొనును, బాణములు ఒకచోటనే నాటుకొనును, అప్పుడు బరువు కొంచెముగా పెంచుకొనవచ్చును. మొదటిదానిని కొనినచో అది చాలమట్టుకు గోడకు అలంకారమగును.

విద్యయు ఇట్టిదే. బాలుని శక్తికి మించిన పాఠమును ఒక్కమారుగ మోపినచో వాడు చివరి అంగుళమున చేయి విడుచును. అంగుళమునకు రెండు పౌనుల చొప్పున పెంచుచు పోయిన గురువు చేతిలో వాడు తనకు తెలియకయే ఆకర్ణాంతము లాగును.