చిట్టి యంత్రం... గట్టి దుక్కి!

ఇంటి ముందు సెంటు జాగా ఉన్నా పచ్చిక వేసుకోవాలనిపిస్తుంది. తీరా గునపం పడితే పది పోట్లకే నడుం పట్టేస్తుంది. పొలంలో వాడే టిల్లరు తెద్దామంటే గేటులోంచే దూరదు. ఈ ఇబ్బంది తీర్చడానికి వచ్చినవే చిన్న గార్డెన్ టిల్లర్లు. పెట్రోలుతోనో కరెంటుతోనో నడుస్తాయి. వీటిలో పది కిలోల బరువుండేవీ ఉన్నాయి. జానెడు వెడల్పున మట్టిని గుల్ల చేసుకుంటూ పోతాయి.

తిరిగే పళ్లతో దున్నడం కొత్త ఆలోచనేమీ కాదు. ఆస్ట్రేలియాలో ఆర్థర్ క్లిఫర్డ్ హోవర్డ్ అనే యువకుడు 1912లోనే తండ్రి పొలంలో ఆ ప్రయోగం చేశాడు. ఆ యంత్రానికి ఇవి మనవలన్నమాట!

తుంగ ఉందా... ఆగండి!

యంత్రం చేతికొచ్చింది కదాని వెంటనే దున్నేయకూడదు. జాగాలో తుంగ ఉంటే అసలు చిక్కు అక్కడే. భూమిలో దాని గడ్డలు గొలుసులా అల్లుకుని ఉంటాయి. టిల్లర్ పళ్లు ఆ గొలుసును తెంపి నలువైపులా చల్లుతాయి. నిద్రపోతున్న గడ్డలు కూడా విడివిడిగా మొలకెత్తుతాయి. ఒక మూలనున్న తుంగ జాగా అంతటా లేస్తుంది. ఖర్చుపెట్టి పరిచిన మెక్సికన్ గడ్డిలోంచి పొడుచుకొస్తే ఏరడం ఎవరితరం?

అందుకే తుంగ ఉన్నచోట ముందు గునపంతో తవ్వి గడ్డలు ఏరేయాలి. తర్వాత నీళ్లు పెట్టి, మళ్లీ మొలిచినవాటినీ వేళ్లతో సహా తీసేయాలి. రెండు మూడుసార్లు ఇలా చేశాకే పచ్చిక సంగతి. ఎండాకాలమైతే ఇంకా మేలు. పైకొచ్చిన గడ్డలు ఎండకు మాడిపోతాయి.

పదును చూసి...

గుప్పెడు మట్టి తీసి నొక్కండి. ముద్దయి, వేలితో తాకగానే విడిపోతే పదును కుదిరినట్టే. జిగురుగా అంటుకుంటే రెండ్రోజులు ఆగాలి. తడిమీద దున్నితే నల్లరేగడి బెడ్డలుకట్టి రాయిలా బిగుస్తుంది. ఎండి బిగిసిన నేలలో తేలికపాటి యంత్రం పళ్లు దిగక ఎగిరెగిరి పడుతుంది.

రాళ్లు ఏరేసి, భూమిలో నీటి పైపులు, కరెంటు తీగలు ఎక్కడున్నాయో చూసుకున్నాకే మొదలుపెట్టాలి. మొదటిసారి పైపైన దున్ని, రెండంగుళాల మందాన చివికిన పశువుల ఎరువు పరచాలి. రెండోసారి ఆరంగుళాల లోతుకు వెళ్తే చాలు. ఇలాంటి టిల్లర్లు చాలావరకు మెల్లగా వెనక్కి లాగితేనే లోతుగా దిగుతాయి. మట్టిని మరీ పిండి చేయకూడదు, వాన పడగానే పెచ్చు కడుతుంది.

పచ్చిక ఉంటే...

పెరిగిన పచ్చికలో దున్నే పళ్లు పెట్టకూడదు. వాటి బదులు బిగించే సన్నని తీగల్లాంటి పళ్లు కొన్ని టిల్లర్లకు దొరుకుతాయి. గడ్డి మొదళ్లలో పేరుకున్న ఎండుపొరను అవి గీరి తీసేస్తాయి. నీరు, గాలి వేళ్లదాకా చేరతాయి.

కాళ్లకు బూట్లు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. పిల్లల్ని దూరంగా ఉంచాలి. పళ్లకు గడ్డి చుట్టుకుంటే ఇంజిన్ ఆపి, ప్లగ్గు వైరు తీశాకే చెయ్యి పెట్టాలి. యంత్రం చిన్నదే కానీ పళ్లు మాత్రం పదునైనవే!