అచ్చులో ఖాళీ జాగా, దానికి పెట్టిన పేరు

ఒక వ్యాసం ప్రూఫు మన ముందున్నదనుకుందాం. ఒక పంక్తి "దైవప్రవక్త ముహమ్మద్" అనే మాటలతో ముగిసింది. దాని తరువాతి పంక్తి "(స)" అనే గుర్తుతో మొదలయింది. మరో పుటలో ఆయతుల్ కుర్సీ సంఖ్యను "2 : 255" అని రాస్తే, "2 :" ఒక పంక్తి చివర నిలిచిపోయి "255" కింది పంక్తికి దిగిపోయింది. అధ్యాయసంఖ్య ఒకచోట, వాక్యసంఖ్య మరోచోట! తొందరలో చదివేవాడు ఆ 255 దేనికి సంబంధించినదో పోల్చుకోలేడు. ఇక్కడ అక్షరదోషం ఒక్కటి కూడా లేదు. దోషమంతా మాటకూ మాటకూ మధ్యనున్న ఖాళీలోనే వుంది.

సీసపు అక్షరాలతో అచ్చువేసిన రోజుల్లో ఖాళీ అనేది చేతితో పట్టుకోదగిన వస్తువు. అక్షరాలకన్నా పొట్టిగా, సిరా అంటకుండా వుండే సీసపు ముక్క అది. అక్షరం కొలత ఎంతో అంతే వెడల్పు గల చదరపు ముక్కను క్వాడ్ అనేవారు. ఆ కొలతకు ఎమ్ అని పేరు. 12 పాయింట్ల అక్షరానికి ఒక ఎమ్ అంటే 12 పాయింట్లు. కంపోజిటరు ఏ ముక్క ఎక్కడ పెట్టాడో అది అక్కడే వుండేది. పంక్తి ఎక్కడ ముగియాలో కూడా అతడే నిర్ణయించేవాడు. కనుక ముక్కకు దాని వెడల్పును బట్టి పేరు పెడితే సరిపోయేది.

కంప్యూటరులో పంక్తిని విరిచేది మనిషి కాదు, యంత్రం. డొనాల్డ్ నూత్ 1977లో మొదలుపెట్టిన టెక్ అనే అక్షర కూర్పు సాధనం, దానిపై లెస్లీ లాంపోర్ట్ 1980ల దశకంలో నిర్మించిన లేటెక్, ఆ లేటెక్ ఆజ్ఞలు కంఠస్థం చేయనవసరం లేకుండా పట్టికలోంచి ఎంచుకునే వీలు కల్పిస్తూ మత్తియాస్ ఎట్రిచ్ 1995లో ప్రారంభించిన లిక్స్ - ఇవన్నీ ఖాళీని వస్తువుగా గాక ఆజ్ఞగా చూస్తాయి. ఎంత వెడల్పు అన్నది ఆ ఆజ్ఞలో ఒక భాగం మాత్రమే. ఈ ఖాళీ వద్ద పంక్తి విరగవచ్చునా? రెండు అంచులూ సమం చేసేటప్పుడు ఇది సాగుతుందా? పంక్తి మొదట్లో పడితే నిలుస్తుందా, మాయమవుతుందా? ఈ సంగతులన్నీ ఆ ఆజ్ఞలోనే ఇమిడివున్నాయి.

అయితే పట్టికలోని పేర్లు మాత్రం చాలావరకు పాత సీసపు ముక్కల పేర్లే. సన్నని ఖాళీ, అర క్వాడ్, క్వాడ్, జోడు క్వాడ్ అని వరుసగా వుంటాయి. 12 పాయింట్ల అక్షరంలో ఇవి 2, 6, 12, 24 పాయింట్లు. ఈ వరుస చూసినవాడు వీటి మధ్య తేడా వెడల్పు ఒక్కటేనని భావించడం సహజం. వాస్తవమేమంటే సన్నని ఖాళీ వద్ద పంక్తి విరగదు, క్వాడ్ వద్ద విరుగుతుంది. అర క్వాడ్ అయితే రెండు విధాలుగా వుంది. టెక్‌లో ఎన్‌స్పేస్, ఎన్‌స్కిప్ అని రెండు ఆజ్ఞలున్నాయి. రెండూ అర ఎమ్ వెడల్పే. మొదటిది విరగనిది, రెండవది విరిగేది. "అర క్వాడ్" అని మాత్రమే రాసివుంటే ఇందులో ఏది మనకు దక్కుతుందో ఎవరు చెప్పగలరు?

అన్నిటికన్నా ఎక్కువ తికమక పెట్టేది "రక్షిత" అనే మాట. లిక్స్‌లో మామూలు ఖాళీ వెడల్పే వుండి, పంక్తి విరగనివ్వని ఖాళీకి చాలాకాలం "రక్షిత ఖాళీ" అనే అర్థం వచ్చే పేరుండేది. అదే సాధనంలో, అడ్డు ఖాళీ కొలత నిర్ణయించే చోట "రక్షించు" అనే గడి ఒకటుంది. దాన్ని ఎంచుకుంటే ఖాళీ విరగకుండా వుంటుందని మనం ఆశిస్తాము. కాని దాని పని వేరు: పంక్తి విరిగిన తరువాత కూడా ఆ ఖాళీ మాయం కాకుండా చూడడం. ముఖపత్రంలో రచయిత పేరును కుడి అంచుకు నెట్టాలని కొత్త పంక్తి మొదట్లో "పూరక ఖాళీ" పెట్టి, కాగితం మీద ఆ పేరు ఎడమవైపే నిలవడం చూసి తల పట్టుకున్నవారికి ఈ గడి అవసరమేమిటో తెలుస్తుంది. పంక్తి ఆరంభంలో పడిన ఖాళీని టెక్ పారవేస్తుంది. ఒకే మాట ఒకచోట విరగకుండా కాపాడడానికి, మరోచోట పోకుండా కాపాడడానికి! దేనినుండి రక్షణ అన్నది చెప్పని రక్షణవల్ల ప్రయోజనమేమిటి?

నూత్ తన టెక్‌లో విరగని ఖాళీకి "ముడి" అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. 1984లో వెలువడిన తన గ్రంథంలో ఏయే మాటల మధ్య ముడి వేయాలో వివరంగా చర్చించాడు కూడా. నా మటుకు ఇంతకన్నా చక్కని పేరు కనిపించలేదు. తెలుగులోకి ఈ పట్టికలను తర్జుమా చేసేవారు "రక్షిత" అనడం మాని "ముడి ఖాళీ" అంటే బాగుంటుంది. లేదా "విరగని ఖాళీ" అన్నా చాలు. గడికి "పంక్తి మొదట్లోనూ నిలుపు" అని రాస్తే రెంటికీ పొరపాటు పడే అవకాశమే వుండదు. పేరు నాలుగు మాటలైతే ఏం, పట్టికలో స్థలానికి కరువా?

ఇక "(స)" సంగతి. దాని ముందు ముడి ఖాళీ వేస్తే అది పేరును వదలిపోదు. కాని ముడి ఖాళీ సాగుతుంది. తెలుగు మాటలు పొడవైనవి; రెండు వరుసల పుటలో ఒక పంక్తికి నాలుగైదు మాటలకన్నా పట్టవు. మిగిలిన జాగానంతా ఆ మూడు నాలుగు ఖాళీలే పంచుకోవాలి. అప్పుడు పేరుకూ "(స)" కూ మధ్య బండెడు ఎడం ఏర్పడుతుంది. ఇక్కడ సన్నని ఖాళీ మేలు: విరగదు, సాగదు. "(రజి)" వంటి గుర్తులకూ ఇదే వర్తిస్తుంది. ఆయతు సంఖ్యను "2:255" అని కలిపి రాస్తే ఆ చిక్కే తలెత్తదు. కానీ విడదీసి రాయడానికి అలవాటుపడినవారు రెండువైపులా సన్నని ఖాళీయే వాడాలి. అరబీ లిపిలో అక్షరాన్నే అడ్డంగా సాగదీసే కషీదా వుంది గనుక మాటల మధ్య ఇంత ఎడం రానక్కరలేదు. తెలుగుకు ఆ సౌకర్యం లేదు.

అసలు వెడల్పే లేనిది ఇంకొకటుంది. "ఖుర్ఆన్" అనే మాటకు "లో" చేర్చగానే కంప్యూటరు నకారాన్ని లకారంతో కలిపి "ఖుర్ఆన్లో" అని లావత్తు వేస్తుంది. ఇది ఇష్టంలేక చాలామంది మధ్యలో మామూలు ఖాళీ కొడతారు. అప్పుడు "లో" ఒంటరిగా కింది పంక్తి మొదట్లో ప్రత్యక్షమవుతుంది. ఇక్కడ కావలసింది ఖాళీ కాదు. యూనికోడ్‌లో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనబడని గుర్తు. అది పెడితే "ఖుర్ఆన్‌లో" అని పొల్లు నిలుస్తుంది, మాట విరగదు. ఫార్సీలో క్రియకు ముందు వచ్చే "మీ" ని క్రియతో అంటుకోకుండా నిలపడానికి వాడేదీ ఇదే. దీని పేరులో "వెడల్పు" అన్న మాట చూసి దీన్నీ ఒక ఖాళీగా భావించేవారున్నారు. "ఒత్తు ఆపే గుర్తు" అంటే మన కంపోజిటరుకు వెంటనే అర్థమవుతుంది.

లిక్స్‌లో ముడి ఖాళీకి కంట్రోల్ మీటతో పాటు ఖాళీ మీట నొక్కాలి. వర్డ్‌లోనైతే షిఫ్ట్ కూడా కలపాలి. వర్డ్‌లో దాగివున్న గుర్తులను చూపించమంటే మామూలు ఖాళీ చుక్కగా, విరగని ఖాళీ చిన్న సున్నాగా కనిపిస్తాయి. ప్రూఫు పంపేముందు ఒకసారి అలా చూస్తే "(స)" ముందున్నది చుక్కో సున్నాయో తెలిసిపోతుంది.