వీడియో ఇంటర్వ్యూలో ముఖం స్పష్టంగా కనబడాలంటే

2020లో కరోనా లాక్‌డౌన్‌తో తరగతులూ ఇంటర్వ్యూలూ తెరమీదికి వచ్చాయి. తరగతులు తిరిగి గదుల్లోకి వెళ్లినా, చాలా కంపెనీల తొలి ఇంటర్వ్యూ మాత్రం తెరమీదే ఉండిపోయింది. మన నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరి 8న విశాఖపట్నం సభలో ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. రేపు ఊళ్లో ఉద్యోగానికైనా ముందు కెమెరా ఎదుట కూర్చోవలసి రావచ్చు. అందుకే తమ్ముళ్లారా, ఈ హాస్టల్లో చదివి వెళ్లిన మేము తెలుసుకున్న సంగతులు మీతో పంచుకుంటున్నాం.

వర్చువల్ కెమెరా అంటే ఏమిటి?

అది వస్తువు కాదు, సాఫ్ట్‌వేర్. అసలు కెమెరా నుంచి బొమ్మను తీసుకొని, సరిదిద్ది, తానే కెమెరా అన్నట్లుగా జూమ్, గూగుల్ మీట్ వంటివాటికి అందిస్తుంది. ఉచితంగా దొరికే ఓబీఎస్ స్టూడియోలో 2020 నుంచి ఈ సదుపాయం ఉంది. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14 నుంచి కొన్ని ఫోన్లను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపితే వేరే యాప్ లేకుండానే వెబ్‌క్యామ్‌గా పనిచేస్తాయి. సాధారణంగా ల్యాప్‌టాప్ కెమెరా కంటే ఫోను వెనక కెమెరా మేలు.

మొదట వెలుతురు

కిటికీ వీపు వెనక ఉంటే ముఖం నల్లబడుతుంది. కిటికీకి ఎదురుగా కూర్చోవాలి. వెలుతురు చాలకపోతే కెమెరా ఒక్కో ఫ్రేముకు ఎక్కువ సేపు తీసుకుంటుంది. సెకనుకు 30 ఫ్రేములు రావలసినచోట 15 వస్తాయి, కదలిక తడబడుతుంది. ట్యూబ్‌లైటు కింద తెరపై చారలు కదులుతుంటే కెమెరా సెట్టింగ్స్‌లో 60 హెర్ట్జ్ బదులు 50 హెర్ట్జ్ ఎంచుకోండి. మన కరెంటు 50 హెర్ట్జ్‌దే.

లెక్క కలవాలి

640×480 బొమ్మలో 3,07,200 చుక్కలు, 1280×720 బొమ్మలో 9,21,600 చుక్కలు ఉంటాయి. చిన్న బొమ్మను పెద్దదానిగా సాగదీస్తే లేని వివరాలు పుట్టవు, మసక పెరుగుతుంది. అందుచేత కెమెరాలోనూ, ఓబీఎస్ కాన్వాస్, అవుట్‌పుట్‌లలోనూ ఒకే కొలత, 1280×720, పెట్టండి. ఇంటర్వ్యూకి అది చాలు.

నెట్ ఎంత కావాలి?

కుదించకుండా పంపితే ఈ వీడియోకి సెకనుకు 330 మెగాబిట్లు కావాలి. ఇద్దరి మధ్య కాల్‌కు జూమ్ దాన్ని సుమారు 1.2 మెగాబిట్లకు కుదిస్తుంది. చీకట్లో తీసిన బొమ్మలో గరుకు చుక్కలు ఫ్రేము ఫ్రేముకూ మారుతుంటాయి. కుదింపు వాటిమీదే ఖర్చయి, ముఖం చెదురుతుంది. అంటే వెలుతురు పెంచడం నెట్‌కూ సాయమే. అప్పటికీ సిగ్నల్ చాలకపోతే బొమ్మ తగ్గించి మాటను కాపాడుకోండి. మాట తెగితే జవాబే పోతుంది.

వెనక గోడ

ట్రంకుపెట్టెలు కనబడతాయని కొందరు కృత్రిమ నేపథ్యం పెడతారు. దానివల్ల పాత ల్యాప్‌టాప్‌పై భారం పెరుగుతుంది, చెవులూ జుట్టూ కత్తిరించినట్లు కనిపిస్తాయి. ఖాళీ గోడ ముందు కూర్చుంటే సరిపోతుంది. పెట్టెలు కనబడినా చిన్నతనం లేదు. మన చదువు అక్కడినుంచే వచ్చింది.

ఇంటర్వ్యూకి ముందురోజు అదే సమయానికి, అదే చోట, ఒక మిత్రునికి కాల్ చేసి సరిచూసుకోండి. ఖరీదైన కెమెరా కొనే ఆలోచన ఆ తర్వాతే!